21 పికోగ్రాముల డెర్బీ

2021 మే 1న అమెరికాలోని లూయీవిల్ నగరంలో, చర్చిల్ డౌన్స్ మైదానంలో మెడీనా స్పిరిట్ అనే గుర్రం కెంటకీ డెర్బీ పందెం గెలిచింది. దూరం మైలుంపావు. పట్టిన సమయం రెండు నిమిషాల ఒక్క సెకను. రెండో గుర్రం మాండలూన్‌తో తేడా అర గుర్రం పొడవు. గెలుపు వాటా 18.6 లక్షల డాలర్లు. ఏడాది వయసులో వెయ్యి డాలర్లకు, రెండేళ్ల వయసులో 35 వేలకు చేతులు మారిన గుర్రం అది. లక్షలు పోసి కొన్న గుర్రాలను దాటుకుని వచ్చిందంటే పత్రికలకు అంతకంటే ఏం కావాలి!

ఎనిమిది రోజులకే కథ అడ్డం తిరిగింది. పందెం అయ్యాక తీసిన రక్తంలో బీటామెథాసోన్ అనే మందు కనబడిందని ట్రైనర్ బాబ్ బాఫర్ట్ తానే విలేకరులను పిలిచి చెప్పారు. ఎంత? మిల్లీలీటరుకు 21 పికోగ్రాములు. రెండున్నరేళ్లకు పైగా లాయర్లు, లేబొరేటరీలు, పందేల తీర్పరులైన స్టీవార్డులు ఈ 21 చుట్టూనే తిరిగారు. పందెపు గుర్రాల మందుల పరీక్షలు ఎలా నడుస్తాయో, వాటిలో ఏది శాస్త్రమో ఏది మనుషులు గీసుకున్న గీతో తెలుసుకోవాలంటే ఈ ఒక్క అంకెను పట్టుకుంటే చాలు.

ముందు కొలత సంగతి. గ్రామును లక్ష కోట్ల భాగాలు చేస్తే వచ్చే ఒక్క భాగం పికోగ్రాము. అయిదు వందల కిలోల గుర్రంలో రక్తం సుమారు 50 లీటర్లు, అంటే 50 వేల మిల్లీలీటర్లు. 21తో హెచ్చవేస్తే పది లక్షల పైచిలుకు పికోగ్రాములు. వినడానికి పెద్ద సంఖ్యే గానీ, గ్రాముల్లోకి తెస్తే ఒక మైక్రోగ్రాము. ఉప్పు రవ్వ ఒక్కటి తీసుకుని అరవై ముక్కలు చేస్తే అందులో ఒక ముక్క. ఇది రక్తంలో ఉన్న మందు లెక్క మాత్రమే. కీళ్లలోనో కండరాల్లోనో ఉన్నది ఇందులోకి రాదు. ఆ తేడాయే అసలు విషయం.

"ఇంత చిటికెడు మందు గుర్రాన్ని పరిగెత్తిస్తుందా?" అని బాఫర్ట్ తరఫువాళ్లు అడిగారు. ప్రశ్న బాగానే ఉంది, కానీ గురి తప్పింది. బీటామెథాసోన్ ఉత్ప్రేరకం కాదు. వాపునూ నొప్పినీ అణిచే కార్టికోస్టెరాయిడ్. గుర్రాలకు దీన్ని నేరుగా కీలులోకి, సాధారణంగా 9 మిల్లీగ్రాముల మోతాదులో సూది వేస్తారు. రక్తంలోంచి దాదాపు పోయాక కూడా కీలులో పని చేస్తూనే ఉండొచ్చు. నొప్పి తెలియని గుర్రం పగులు పట్టిన ఎముక మీద కూడా గంటకు అరవై కిలోమీటర్ల వేగంతో పరుగెడుతుంది. ఆ ఎముక మైదానంలో విరిగితే గుర్రం పడుతుంది, మీదున్న జాకీ పడతాడు, వెనక వచ్చేవాళ్లు వాళ్ల మీద పడతారు. పందెం రోజున ఒంట్లో ఈ మందు ఉండకూడదన్న నిబంధన పుట్టింది మోసగాళ్ల కోసమే కాదు, ఈ పడిపోవడాల కోసం కూడా. రక్తంలో కనిపించే జాడ అంటే "మందు పనిచేస్తోంది" అని కాదు, "సూది వేసి ఎక్కువ రోజులు కాలేదు" అని. పికోగ్రాములతో నిజానికి కొలుస్తున్నది రోజులను.

మరి ఎన్ని రోజులు? కొన్ని గుర్రాలకు నిర్ణీత మోతాదు ఇచ్చి, వరుసగా రక్తం తీస్తూ మందు ఎంత త్వరగా తగ్గుతోందో చూసి గడువు కడతారు. అమెరికాలో చాలా మందులకు వాడిన పద్ధతిని 95/95 అంటారు. నూటికి 95 గుర్రాలు గీతకు దిగువనే ఉంటాయని 95 శాతం భరోసాతో చెప్పగలిగిన చోట గీత గీస్తారు. దీన్నే తిరగేసి చదవండి. చెప్పినట్టు అక్షరాలా నడుచుకున్నా ఇరవై గుర్రాల్లో ఒకటి దాకా గీత దాటే అవకాశం ఉంది. ట్రైనర్లకు నిద్రపట్టనివ్వని లెక్క ఇది.

కెంటకీలో ఒకప్పుడు బీటామెథాసోన్‌కు గడువు 7 రోజులు, గీత 10 పికోగ్రాములు. 2020లో గడువును 14 రోజులకు పెంచారు, గీతను చెరిపేశారు. పందెం రోజున ఎంత కనబడినా తప్పే. కొత్త నిబంధన వచ్చాక కొద్ది వారాలకే, 2020 సెప్టెంబరులో జరిగిన కెంటకీ ఓక్స్‌లో మూడో స్థానం పొందిన గామిన్ రక్తంలో 27 పికోగ్రాములు తేలాయి. దాని ట్రైనరూ బాఫర్టే. సూది వేసింది పందేనికి 18 రోజుల ముందని ఆయన తరఫు వాదన. 14 రోజులు ఆగమన్నారు, మేం 18 ఆగాం అన్నారు. అయినా మందు ఉంది కాబట్టి మూడో స్థానం పోయింది, 1,500 డాలర్ల జరిమానా పడింది. ఆగమని చెప్పిన రోజులు సలహా మాత్రమే, రక్తంలో ఏముందన్నదే శాసనం. ఈ తేడా తెలియక దెబ్బతిన్నవాళ్లు చాలామంది. కానీ గామిన్ తర్వాత బాఫర్ట్‌కు అది తెలియదని అనుకోలేం.

మెడీనా స్పిరిట్‌కు తిరిగి వద్దాం. గుర్రానికి ఆ మందు ఎన్నడూ ఇవ్వలేదని మే 9న చెప్పిన బాఫర్ట్, రెండు రోజుల తర్వాత కొత్త సంగతి బయటపెట్టారు. గుర్రం చర్మానికి పొక్కులు వస్తే ఓటోమాక్స్ అనే లేపనం పందేనికి ముందురోజు దాకా రాశారట. కుక్కల చెవి జబ్బులకు వాడే మందు అది. అందులో ఉన్నది బీటామెథాసోన్ వాలరేట్. మన మందుల షాపుల్లో బెట్నోవేట్ పేరుతో దొరికే ట్యూబులో ఉండేదీ అదే. గజ్జి మొదలు దోమకాటు దాకా డాక్టరును అడక్కుండా మనవాళ్లు పూసుకునే ఆ క్రీములో ఉన్నది డెర్బీని తలకిందులు చేయగల మందన్నమాట. కీలుకు వేసే సూదుల్లో ఉండే రకం వేరు, అసిటేట్. ఒంట్లోకి వెళ్లాక రెండూ విడిచేది ఒకే బీటామెథాసోన్ కాబట్టి మామూలు రక్తపరీక్ష వాటిని వేరుచేయలేదు.

వాదన ఇక్కడే రసవత్తరమైంది. నిబంధన సూదిమందు గురించి, లేపనం గురించి కాదని లాయర్లు పట్టుబట్టారు. కోర్టు అనుమతితో గుర్రం మూత్రాన్ని న్యూయార్క్‌లోని లేబొరేటరీకి పంపారు. అక్కడ తేలింది వాలరేటే, సూదిమందు జాడ లేదు. అంటే బాఫర్ట్ రెండోసారి చెప్పిన కథకు రసాయనశాస్త్రం వంత పాడింది. అయినా 2022 ఫిబ్రవరి 21న స్టీవార్డులు మెడీనా స్పిరిట్‌ను అనర్హం చేసి మాండలూన్‌ను విజేతగా ప్రకటించారు. బాఫర్ట్‌కు 90 రోజుల సస్పెన్షన్, 7,500 డాలర్ల జరిమానా. నిబంధనలో రాసింది బీటామెథాసోన్ అని, ఏ దారిన వచ్చినా బీటామెథాసోనే అని వాళ్ల లెక్క. కఠినంగా అనిపించవచ్చు గానీ నాకు సబబుగానే తోస్తుంది. దారిని బట్టి మినహాయింపు ఇస్తే రేపు ప్రతి సూదికీ ఒక ట్యూబు సాక్ష్యం పుట్టుకొస్తుంది.

ఆ తీర్పు నాటికి గుర్రం బతికి లేదు. 2021 డిసెంబరు 6న కాలిఫోర్నియాలోని శాంటా అనీటా మైదానంలో సాధన ముగించి కుప్పకూలింది. పోస్టుమార్టంలో కచ్చితమైన కారణం తేలలేదు.

నమూనా ఎలా తీస్తారో కాస్త చెప్పుకోవాలి. పందెం ముగియగానే గెలిచిన గుర్రాన్నీ, స్టీవార్డులు ఎంచిన మరికొన్నింటినీ పరీక్షల కొట్టానికి నడిపిస్తారు. ఒళ్లు చల్లబడేదాకా తిప్పి, రక్తం తీసి, మూత్రం కోసం ఎదురుచూస్తారు. కర్రకు కట్టిన పాత్ర పట్టుకుని ఈల వేస్తూ నిలబడే మనిషిని చూస్తే కొత్తవాళ్లకు నవ్వొస్తుంది. ఈల వినగానే మూత్రం పోసేలా చాలా గుర్రాలకు చిన్నప్పటి నుంచే అలవాటు చేస్తారు. ట్రైనర్ మనిషి ఎదుటే నమూనాను రెండుగా చేసి సీలు వేస్తారు. మొదటిదానిలో మందు కనబడితే రెండోదాన్ని మరో లేబొరేటరీకి పంపమని అడిగే హక్కు ఉంటుంది. మెడీనా స్పిరిట్ రెండో నమూనాలో వచ్చింది 25 పికోగ్రాములు. ఒకే రక్తం, రెండు చోట్ల రెండు అంకెలు. ఇంత సన్నని కొలతలో ఆ మాత్రం తేడా మామూలే, దాన్ని పట్టుకుని కేసు కొట్టేయలేరు.

గుర్రం రక్తంలో ఏది దొరికినా జవాబుదారీ ట్రైనరే. ఎవరిచ్చారో, ఎందుకిచ్చారో నిరూపించాల్సిన పని అధికారులకు లేదు. కొట్టంలో పదిమంది తిరుగుతారు, ఎవరి చేతి నుంచి ఏం పడిందో ఎవరికి తెలుసు అంటే వినరు. ఇంత కరకు నియమం లేకపోతే ప్రతి కేసూ ఒక సాక్షి అడ్డం తిరగడంతో ముగుస్తుంది. దీని ఫలితంగా అమాయకులూ నలుగుతారు. 2014లో ఎలిజబెత్ రాణి గుర్రం ఎస్టిమేట్ ఆస్కాట్ గోల్డ్ కప్‌లో రెండో స్థానం పొందింది. తర్వాత పరీక్షలో మార్ఫిన్ కనబడింది. దాణాలో గసగసాల మొక్క జాడ కలిసిందని తేలింది. రాణిగారైనా సరే 80 వేల పౌండ్లకు పైగా బహుమతి వదులుకోవాల్సి వచ్చింది. 1979లో నో బోంబ్స్ అనే గుర్రం, కుర్రాడి చేతిలోని మార్స్ చాక్లెట్ బార్ లాక్కుని తిని గెలుపు పోగొట్టుకుంది. చాక్లెట్‌లోని థియోబ్రోమిన్ నిషిద్ధ పదార్థం.

ఇలాంటివి చూశాకే కొన్ని పదార్థాలకు అంతర్జాతీయంగా గీతలు గీశారు. మూత్రంలో థియోబ్రోమిన్ మిల్లీలీటరుకు 2 మైక్రోగ్రాముల దాకా సరే. లూసర్న్ లాంటి మేతలో సహజంగా ఉండే శాలిసిలిక్ ఆమ్లం 750 మైక్రోగ్రాముల దాకా ఒప్పు. టెస్టోస్టెరాన్‌కైతే విత్తులు కొట్టిన గుర్రానికి 20 నానోగ్రాములు, ఆడగుర్రానికి 55. ఒంట్లో పుట్టేవాటికీ మేతలో వచ్చేవాటికీ సున్నా అనే గీత పనికిరాదు మరి. వంటసోడా సంగతి ఇంకా తమాషా. పందేనికి కొన్ని గంటల ముందు ముక్కులోంచి గొట్టం దించి సోడా నీళ్లు పడితే కండరాల్లో చేరే ఆమ్లం తటస్థమై అలసట ఆలస్యంగా వస్తుందని నమ్మకం. సోడా ప్రతి ఒంట్లోనూ ఉండేదే కాబట్టి, రక్తంలో మొత్తం కార్బన్ డయాక్సైడ్ లీటరుకు 36 మిల్లీమోల్స్ దాటితేనే పట్టుకుంటారు.

అంకెల వింత చూడాలంటే కెంటకీ పాత కేసు ఒకటి ఉంది. 1968 డెర్బీ గెలిచిన డాన్సర్స్ ఇమేజ్ మూత్రంలో ఫినైల్‌బ్యూటజోన్ కనబడింది. నొప్పినీ వాపునీ తగ్గించే మందే ఇదీ. పశువైద్యుడు పందేనికి ఆరు రోజుల ముందు 4 గ్రాములు ఇచ్చానన్నాడు. ఆనాటి ప్రశ్న ఎంత ఉందని కాదు, ఉందా లేదా అని. బహుమతి రెండో గుర్రం ఫార్వర్డ్ పాస్‌కు పోయింది. యజమాని ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగి ఓడిపోయాడు. మందు వల్ల డెర్బీ కోల్పోయిన మొదటి గుర్రం అదే, రెండోది మెడీనా స్పిరిట్. ఆ తర్వాత, 1974లో, అదే కెంటకీ అదే మందును పందేల్లో అనుమతించింది! అమెరికాలో చాలాకాలం దానికి గీత మిల్లీలీటరుకు 5 మైక్రోగ్రాములు, అంటే 50 లక్షల పికోగ్రాములు. తర్వాత 2 మైక్రోగ్రాములకు దించారు. ఒక మందు మోతాదు గ్రాముల్లో, మరొకదానిది మిల్లీగ్రాముల్లో కాబట్టి 50 లక్షలనూ 21నీ పక్కపక్కన పెట్టడం సరి కాదు. కానీ ఒకే రాష్ట్రంలో ఒకే మందు ఒక ఏడు నేరం, మరో ఏడు ఒప్పు అయిందంటే, గుర్రం ఒళ్లు మారలేదు, యంత్రం కొత్త సత్యమేదీ చెప్పలేదు. గీత జరిగింది, అంతే. లేబొరేటరీ ఎంత ఉందో చెబుతుంది, తప్పా ఒప్పా అన్నది బల్ల చుట్టూ కూర్చున్నవాళ్లు ముందే రాసిపెడతారు.

లేసిక్స్ కథా అంతే. ఊపిరితిత్తుల్లో రక్తం చిమ్మకుండా పందేనికి నాలుగు గంటల ముందు ఇచ్చే ఫ్యూరోసెమైడ్ సూది అది. గుండెజబ్బు, ఒంట్లో నీరు ఉన్న ఇళ్లలో ఆ మాత్ర పేరు అందరికీ తెలుసు. నీరు పోయి గుర్రం పది, పదిహేను కిలోలు తేలికవుతుంది కాబట్టి పరుగుకు కలిసొస్తుందన్నది విమర్శ. రక్తం చిమ్మడాన్ని తగ్గిస్తుందని దక్షిణాఫ్రికాలో 167 గుర్రాల మీద చేసిన అధ్యయనం 2009లో తేల్చింది. రెండు మాటలూ నిజమే. బ్రిటన్, ఫ్రాన్స్, హాంకాంగ్‌లలో పందెం రోజున దానికి చోటు లేదు. అమెరికా పెద్ద మైదానాలు 2020లో రెండేళ్ల గుర్రాలకూ, 2021లో పెద్ద పందేలకూ ఆపేశాయి.

చాలాకాలం అమెరికాలో 38 రాష్ట్రాలకు 38 నియమావళులు ఉండేవి. కేసు నడుస్తుండగానే మెడీనా స్పిరిట్ మేరీలాండ్‌లో ముందస్తు పరీక్షలు పాసై ప్రీక్‌నెస్ పందెంలో మూడో స్థానం పొందింది. న్యూయార్క్ మాత్రం బాఫర్ట్‌కు గేటు మూసింది. (మన దగ్గరా మలక్‌పేటలోని హైదరాబాద్ రేస్ క్లబ్‌తో కలిపి అయిదు టర్ఫ్ సంస్థలు ఎవరి అధికారం వారివిగా నడుస్తాయి. అయితే గుర్రాల నమూనాలు పరీక్షించే జాతీయ డోప్ పరీక్షల లేబొరేటరీ ఢిల్లీలో ఉంది.) 2020 డిసెంబరులో అమెరికా కాంగ్రెస్ తెచ్చిన హైసా చట్టంతో అక్కడ థరోబ్రెడ్ జాతి పందెపు గుర్రాలకు ఒకే జాతీయ నియమావళి వచ్చింది. మందుల విభాగం 2023 మే 22 నుంచి నిలకడగా అమలవుతోంది. కీలులో సూది వేస్తే 14 రోజులు పందేనికి, 7 రోజులు సాధన పరుగుకు దూరం. పూర్తిగా నిషేధించిన మందు దొరికితే ట్రైనర్‌కు రెండేళ్ల దాకా వేటు, 25 వేల డాలర్ల దాకా జరిమానా, గుర్రానికి 14 నెలల దాకా అనర్హత. ఆ నిషేధిత జాబితాలో మెట్‌ఫార్మిన్ కూడా చేరింది. షుగరు ఉన్న పనివాడు మాత్ర మింగిన చేత్తోనే గుర్రం నోరు ముట్టుకుంటే ఏమవుతుందని ట్రైనర్లు గగ్గోలు పెట్టారు. 2023లో మెట్‌ఫార్మిన్ దొరికిన ఒక ట్రైనర్‌కు పూర్తి రెండేళ్లూ పడ్డాయి.

గుర్రానికి అర్హత రక్తం ఒక్కదానితో రాదు. డెర్బీకి మూడేళ్ల థరోబ్రెడ్‌లే పనికొస్తాయి. ఏటా పుట్టే వేల పిల్లల్లో గేటు దాకా వచ్చేవి 20. 2013 నుంచి ఆ ఇరవైని పాయింట్లు తేలుస్తాయి. ఏప్రిల్‌లో జరిగే పెద్ద సన్నాహక పందెం గెలిస్తే 100 పాయింట్లు. 2022లో 21వదిగా బయటే ఉండిపోయిన రిచ్ స్ట్రైక్, గడువుకు ముందు ఒక గుర్రం తప్పుకోవడంతో లోపలికి వచ్చి 80కి 1 ధరతో గెలిచిపోయింది.

చర్చిల్ డౌన్స్ సంస్థ బాఫర్ట్‌ను నేరుగా కొట్టింది ఈ పాయింట్లతోనే. తన మైదానాల్లో రెండేళ్లు నిషేధించి, ఆయన గుర్రాలు ఎక్కడ గెలిచినా పాయింట్లు సున్నా అంది. యజమానులు కొందరు గుర్రాలను వేరే ట్రైనర్ కొట్టానికి మార్చారు. 2022లో అలా వెళ్లిన టైబా శాంటా అనీటా డెర్బీ గెలిచి, అసలు డెర్బీలో 12వ స్థానంతో తిరిగొచ్చింది. 2023లో నిషేధాన్ని మరో ఏడాది పొడిగించారు. 2024లో మెడీనా స్పిరిట్ యజమాని గుర్రమే మరొకటి, మూత్, ఆర్కాన్సా డెర్బీ గెలిచినా పాయింట్లు దక్కక కోర్టుకెక్కితే కోర్టు కాదంది. ఆ ఏడాది జనవరిలోనే 2021 డెర్బీ తీర్పు మీద వేసిన అప్పీళ్లన్నీ బాఫర్ట్ వర్గం మానుకుంది. జులైలో చర్చిల్ డౌన్స్ నిషేధం ఎత్తేసింది.

ఇంత నిశితమైన పరీక్షలు పట్టలేనిది కూడా ఉంది. 2020 ఫిబ్రవరి 29న తొలి సౌదీ కప్‌ను, కోటి డాలర్ల మొదటి బహుమతిని మాక్సిమమ్ సెక్యూరిటీ గెలిచింది. పది రోజుల్లోపే దాని ట్రైనర్ జేసన్ సర్విస్, మరో ట్రైనర్ హోర్హే నవారో సహా రెండు డజన్లకు పైగా మందిపై అమెరికా ఫెడరల్ అభియోగాలు నమోదయ్యాయి. లేబొరేటరీలకు దొరకకుండా కలిపిన మందులు ఇచ్చారన్నది ఆరోపణ. వాళ్లను పట్టించింది రక్తపరీక్షలు కాదు, ఎఫ్‌బీఐ విన్న ఫోన్ సంభాషణలు. నవారోకు అయిదేళ్లు, సర్విస్‌కు నాలుగేళ్లు జైలు పడింది. సౌదీ అధికారులు ఆ గెలుపును రద్దు చేసి మిడ్‌నైట్ బిసూకు ఇచ్చింది 2024లో, పందెం జరిగిన నాలుగేళ్లకు. పికోగ్రాములు లెక్కపెట్టే యంత్రం దేన్ని వెతకమంటే దాన్నే వెతుకుతుంది. పేరు తెలియని మందు దాని కంట పడదు.

ఇక పందెం కాసినవాళ్ల సంగతి. డెర్బీ రోజు సాయంత్రం "అఫీషియల్" అని బోర్డు మీద పడగానే చెల్లింపులు అయిపోతాయి. తర్వాత ఏ స్టీవార్డులు ఏం తీర్పిచ్చినా అవి మారవు. మెడీనా స్పిరిట్ గెలుపు మీద రెండు డాలర్లు కాసినవాళ్లు 26 డాలర్ల 20 సెంట్లు జేబులో వేసుకుని ఇంటికెళ్లారు, ఆ డబ్బు ఎవరూ వెనక్కి అడగలేదు. మాండలూన్ పేరు రికార్డుల్లో విజేతగా ఎక్కింది గానీ, దాని గెలుపు మీద కాసినవాళ్లకు చిల్లిగవ్వ రాలేదు.